కారెక్కితే బైకు అనుభవం లెక్కలోకి రాదు

భీమవరం: ఇరవయ్యేళ్లు కాలువగట్ల మీద మోటారు సైకిలు నడిపినవాడికి కారు ఒక లెక్కా అనుకునేవారు డెల్టా పల్లెల్లో తక్కువేమీ లేరు. పంట డబ్బో, చేపల పట్టుబడి డబ్బో చేతికి రాగానే కారు కొని, నాలుగు రోజుల్లో స్టీరింగు పడుతుంటారు. బీమా కంపెనీ మాత్రం ఆ ఇరవయ్యేళ్లను లెక్కలోకి తీసుకోదు.

బ్రిటన్ వంటి దేశాల్లో కారు బీమా రాసేముందు లైసెన్సు వచ్చి ఎన్నేళ్లయిందని అడుగుతారు. కొత్తవారికి ప్రీమియం ఎక్కువ. మన పద్ధతి వేరు. ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియంను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్లలో 150 సి.సి. లోపు మామూలు మోటారు సైకిలుకు ఏడాదికి 714 రూపాయలు, వెయ్యి సి.సి. దాటని కారుకు 2,094 రూపాయలు. ఇంజను సైజును బట్టే రేటు. నడిపేవారి అనుభవం ఊసే లేదు.

క్లెయిము చేయనివారికి స్వంత నష్టం ప్రీమియంలో ఇచ్చే 'నో క్లెయిమ్ బోనస్' 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. అయితే బైకు మీద వచ్చిన బోనస్ మరో బైకుకే చెల్లుతుంది. కారుకు మళ్లీ మొదటినుంచి రావలసిందే.

అసలు చిక్కు లైసెన్సు దగ్గర వుంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బైకు లైసెన్సుతో కారు నడపరాదు. లైసెన్సులో ఎల్.ఎం.వి. అని చేరివుండాలి. అది లేకుండా ప్రమాదం చేస్తే స్వంత కారు మరమ్మతు క్లెయిమును కంపెనీ తిరస్కరించవచ్చు. బాధితులకు పరిహారం ముందు కంపెనీ చెల్లించినా, తరువాత ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకునే వీలుందని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం లక్షల్లో పడితే కారు అమ్మినా చాలదు, పొలం మీదికి వస్తుంది.

దారి సులువే. రవాణా శాఖ ద్వారా కారుకు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. 30 రోజులు దాటాక, ఆరు నెలల్లోగా టెస్టుకు వెళ్లవచ్చు. అంతవరకు కారు లైసెన్సున్నవారు పక్కన వుండాలి, బండికి ఎర్ర 'ఎల్' బోర్డు వుండాలి. లారీ ఎదురైతే బైకును గట్టు అంచుకు తప్పించే అలవాటు కారుకు పనికిరాదు గనుక, ఈ నేర్చుకునే రోజులు వృథా కావు.

కారుకు బయానా ఇచ్చేముందే జేబులోని లైసెన్సు తీసి ఎల్.ఎం.వి. వుందో లేదో చూసుకోవడం మంచిది.