ఒరిగిన గోపురము

ఇటలీ దేశమునందలి పీసా నగరమున ప్రధాన క్రైస్తవ దేవాలయము చెంత నొక గంటల గోపురము కలదు. దాని నిర్మాణము క్రీ. శ. 1173లో ఆరంభమైనది. కొన్ని అంతస్తులు లేచునప్పటికే అడుగున నున్న మెత్తని నేల క్రుంగి, గోపురము ఒరుగసాగెను. శిల్పులు నిరాశ చెందక, పై అంతస్తులను ఒరుగు దిశకు ఎదురుగా కొంచెము వంచి కట్టిరి. సుమారు రెండు వందల యేండ్లకు పని ముగిసెను. ఒరుగుట మాత్రము ఆగలేదు.

తరువాతివారు మేలు చేయబోయి కీడు చేసిరి. 1838లో, మట్టిలో మునిగిన స్తంభపీఠములు కనబడవలెనని చుట్టును త్రవ్విరి. నీరు పైకుబికి గోపురము మరికొంత ఒరిగెను. 1934లో పునాదికి రంధ్రములు చేసి సిమెంటు నెక్కించిరి. అప్పుడును ఒరుగుట హెచ్చెను.

1989లో ఆ దేశమునందే పావియా నగరమున నొక ప్రాచీన గోపురము హఠాత్తుగా కూలి నలుగురు మరణించిరి. అందుచే 1990లో పీసా గోపురమునకు సందర్శకుల రాకను నిలిపివేసి, దాని రక్షణభారమును నిపుణుల సంఘమున కప్పగించిరి.

గోపురమును నిటారుగ నిలుపవలెనా? అట్లు చేసినచో, వంచి కట్టిన పైభాగము ఆవలి వైపునకు ఒరుగును. శిల్పుల శ్రమకు సాక్ష్యమైన ఆ వంపునకు అర్థమే యుండదు. ఏమియు చేయకున్నచో గోపురమే కూలును. కావున కూలకుండుటకు చాలినంత మాత్రమే సరిదిద్ద నిశ్చయించిరి.

మొదట 1993లో, గోపురము ఒరిగిన దక్షిణమునకు ఎదురుగా, ఉత్తరపు వైపున సుమారు 600 టన్నుల సీసపు దిమ్మెలను పేర్చిరి. హాని కలిగినచో వానిని వెంటనే తొలగింపవచ్చును. ఒరుగుట ఆగెను. కాని ఆ దిమ్మెలు చూపులకు వికారముగ నుండుటచే, 1995లో వానికి బదులు భూమిలో కనబడని బంధనముల నమర్ప యత్నించిరి. గోపురము ఒక్క రాత్రిలో కదలెను. నిపుణులు ఆ పనిని వెంటనే మాని, మరికొంత సీసము నుంచిరి.

పిమ్మట 1999 మొదలు ఉత్తరపు వైపు నేల నుండి మట్టిని కొద్దికొద్దిగా తీసిరి. ప్రతిదినము కదలికను కొలిచి, మరునాటి పనిని నిర్ణయించిరి. 2001 నాటికి గోపురాగ్రము సుమారు 45 సెంటీమీటర్లు వెనుకకు వచ్చెను. ఆ సంవత్సరముననే ద్వారములు మరల తెరచిరి. అది నేటికిని ఒరిగియే యున్నది. అయినను పడిపోవునను భయము తొలగినది.

మంచి వైద్యుడు రోగమునకు చాలినంత మందే యిచ్చును. ప్రాచీన కట్టడములను రక్షించువారికిని ఆ నిగ్రహమే ముఖ్యము.