అతుకు

ధర్మవరంలో ఒక చేనేత ఇల్లు. గుంట మగ్గానికి నాలుగడుగుల దూరంలో బల్ల మీద పాత కంప్యూటరు, దాని ముందు దిగాలుగా ఇంటర్ చదివే పిల్లవాడు. ముందురోజు రాత్రి మేలుకొని డెబియన్ లినక్స్ ఎక్కించాడు. పొద్దున పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వరుసలు జరజరా పాకి ఒకచోట ఆగిపోయాయి. చివరి వరుస ఇది: ‘కెర్నెల్ పానిక్ – నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)’.

వాళ్లు మాకు బంధువులు. కబురందాక హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ దాటి, పదకొండింటికల్లా ధర్మవరంలో దిగాను. “కంప్యూటరు పోయినట్టేనా మామా?” అన్నాడు వాడు. వాళ్ల నాన్న మగ్గం దగ్గర కొత్త పడుగు అతుకుతున్నాడు. తల ఎత్తకుండానే, “తెగిన చోటు చూడల్ల గానీ, మగ్గాన్ని తిడితే ఏమొస్తాదిరా” అన్నాడు.

ఆ మాట దగ్గరే మొదలుపెట్టాను.

పానిక్ అనగానే యంత్రం చచ్చిపోయిందని భయపడతాం. నిజానికి ఆ సందేశం వచ్చిందంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము కెర్నెల్ నిద్రలేచింది, ప్రాసెసరునూ మెమరీనీ చేతిలోకి తీసుకుంది. తర్వాత తన ఇల్లు ఎక్కడుందో, అంటే మిగతా వ్యవస్థ అంతా ఉన్న డిస్కు భాగం ఎక్కడుందో వెతికింది, దొరకలేదు. ఆ (0,0)లో మొదటి అంకె ఏ రకం పరికరమో చెబుతుంది, రెండోది అందులో ఎన్నో భాగమో చెబుతుంది. అక్కడ (8,1) అని ఉంటే డిస్కు కనబడింది గానీ అందులో రాసింది చదవలేకపోయిందని అర్థం. రెండూ సున్నాలంటే డిస్కు అనదగ్గదేదీ దాని కంటబడలేదు. ‘నాట్ సింకింగ్’ అన్నది కూడా మన మేలుకే. ఈ అయోమయంలో డిస్కు మీద ఏమీ రాయను, ఉన్నది పాడుచేయను అంటోంది.

1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన తొలి కెర్నెల్‌కు ఈ వెతుకులాట లేదు. రెండో డిస్కులో మొదటి భాగమే ఇల్లు అని, తన సొంత కంప్యూటరు అమరికనే ఆయన ప్రోగ్రాములో రాసేసుకున్నాడు. మరొకరి యంత్రంలో నడవాలంటే ఆ వరుస మార్చి మళ్లీ కంపైల్ చేసుకోవాలి. కొన్నాళ్లకు రెండు ఫ్లాపీల పద్ధతి వచ్చింది. ఒకదాంతో కెర్నెల్ లేచి, రెండోది పెట్టి ఎంటర్ నొక్కమనేది. ఇల్లు చూపించే పని మనిషిదే.

1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్, కెర్నెల్‌ను డిస్కు నుంచి మెమరీలోకి తెచ్చి లేపే ‘లైలో’ రాశాడు. అప్పటి కంప్యూటరు లేవగానే డిస్కులో మొదట చదివేది 512 బైట్లు మాత్రమే. అందులోనూ ప్రోగ్రాముకు దక్కేది 446 బైట్లు. అంత ఇరుకులో తప్పు జరిగితే వివరంగా చెప్పే చోటేది? అందుకే లైలో ఒక్కో మెట్టు దాటగానే తన పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి తెర మీద వేసేది. రెండో అక్షరం దగ్గర ఆగితే రెండో మెట్టు మెమరీలోకి వచ్చింది గానీ కదల్లేదని తెలిసేది. పేరునే రోగనిర్ధారణ చేసిన ఆ ఉపాయమంటే నాకు ఇప్పటికీ ఇష్టం. అయితే కెర్నెల్ డిస్కులో ఏ గడుల్లో ఉందో లైలో గుర్తుపెట్టుకునేది, అంతే. కెర్నెల్ మారితే దాన్ని మళ్లీ నడపాల్సిందే. 1995లో ఎరిక్ బోలెన్ మొదలుపెట్టిన ‘గ్రబ్’ ఫైళ్లను పేరుతో వెతకడం నేర్చింది. నేడు ఎక్కువ లినక్స్ కంప్యూటర్లలో మనకు మొదట కనబడేది అదే.

అసలు చిక్కు ఆ తర్వాతిది. లోకంలోని డిస్కు రకాలన్నిటికీ డ్రైవర్లను, అంటే వాటితో మాట్లాడే ప్రోగ్రాములను, కెర్నెల్‌లోనే కుక్కితే అది మోయలేనంత బరువవుతుంది. అందుకని వాటిని విడి ముక్కలుగా డిస్కులో పెట్టారు. డిస్కు చదవాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరేమో డిస్కులో ఉంది. విత్తు ముందా, చెట్టు ముందా?

మగ్గానికీ కంప్యూటరుకూ పోలిక చెప్పేవాళ్లు సాధారణంగా జకార్డు అట్టల గురించి చెబుతారు. చిల్లు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. మంచి పోలికే. కానీ ఆ ఇంట్లో నా కళ్ల ముందున్న అతుకు నాకు అంతకంటే దగ్గరగా తోచింది. నేత పూర్తయిన పడుగును మొత్తం లాగేయరు. కొసలను మగ్గంలో అలాగే ఉంచి, ఒక్కో పాత పోగుకూ ఒక్కో కొత్త పోగు అతుకుతారు. వేల పోగులు. తర్వాత మెల్లగా లాగితే పాత పోగు తనతోపాటు కొత్తదాన్ని దారుల గుండా ఇవతలికి తెస్తుంది. పాత కొస లేకపోతే ఒక్కొక్క పోగునూ మొదటినుంచీ ఎక్కించుకోవాలి.

కెర్నెల్‌కూ డిస్కుకూ మధ్య ఇలాంటి అతుకే వేయడానికి ఆల్మెస్‌బెర్గర్, హాన్స్ లెర్మెన్ 1996లో ‘ఇనిట్ఆర్డీ’ తెచ్చారు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్ నాటికి అది ‘ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్’గా కుదురుకుంది. అదొక చిన్న మూట. అవసరమైన డ్రైవర్లు, కొన్ని పనిముట్లు ఉంటాయి. గ్రబ్ దాన్ని కెర్నెల్‌తోపాటే మెమరీలోకి తెచ్చిపెడుతుంది. కెర్నెల్ దాన్నే తాత్కాలికంగా ఇల్లు అనుకుని, అందులోని డ్రైవర్లతో డిస్కును మేల్కొలిపి, అసలు ఇంటిని గుర్తుపట్టి అందులోకి మారుతుంది. మారగానే మూటలోని ఫైళ్లన్నీ చెరిగిపోయి మెమరీ ఖాళీ అవుతుంది.

మావాడి యంత్రంలో తెగింది సరిగ్గా ఆ అతుకే. కెర్నెల్, గ్రబ్ ఉండే బూట్ భాగానికి వాడు 50 ఎంబీ మాత్రమే కేటాయించాడు. మూట పట్టలేదు. రాత్రి ఎర్ర పెట్టెలో ఒక హెచ్చరిక వచ్చిందనీ, నిద్రమత్తులో ‘కంటిన్యూ’ నొక్కేశాననీ అప్పుడు చెప్పాడు. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో యంత్రాన్ని లేపాం. డిస్కును తెరిచి, ‘సీహెచ్‌రూట్’ ఆదేశంతో అందులోని వ్యవస్థలోకి వెళ్లాం. మూటలో అన్ని యంత్రాలకూ పనికొచ్చే డ్రైవర్లు కాకుండా ఈ ఒక్క యంత్రానికి కావలసినవే పెట్టమని సెట్టింగు మార్చాం. సగానికి పైగా చిక్కి, పట్టింది. ఆ మాటకొస్తే లినస్ తన డిస్కునొక్కదాన్నే రాసుకున్న పద్ధతికి కొంచెం దగ్గరగా వెళ్లాం. డిస్కు మరో యంత్రంలో పెడితే లేవకపోవచ్చు. గ్రబ్‌కు కొత్త మూట సంగతి చెప్పి యంత్రాన్ని మళ్లీ ఆన్ చేశాం.

అది లేచేలోగా వాడు ఇంకోటి అడిగాడు: “ఇదంతా తెలుగులో ఎందుకు రాదు మామా?” మంచి ప్రశ్న. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ మీద తెలుగు లినక్స్ తయారుచేసింది. మెనూలు, కిటికీలు తెలుగులో పలుకుతాయి. కానీ ఆ దశకు ముందు తెర మీద అక్షరాలు వేసేది కెర్నెలే. దాని దగ్గరుండే అక్షర రూపాలు ఎక్కువలో ఎక్కువ 512, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. గుణింతాన్నీ వత్తునూ కలిపి కూర్చే నేర్పు దానికి లేదు. అందుకే తెలుగువాడి యంత్రం కూడా కష్టం వస్తే ఇంగ్లీషులోనే చెప్పుకుంటుంది. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నెల్‌లో, పానిక్ వస్తే ఫోనుతో చదువుకునేలా క్యూఆర్ కోడు చూపించే ఏర్పాటు చేశారు. ఆ ఫోను ఆండ్రాయిడ్‌దైతే దాని అడుగునా లినక్స్ కెర్నెలే. నేనెక్కిన రైల్లో ఎంతమంది జేబుల్లో అది ఉండి ఉంటుందో!

ఈసారి తెల్లటి వరుసలు ఆగలేదు. లాగిన్ తెర వచ్చింది. వాడు గట్టిగా కేక వేయబోయి, నాన్న చేతిలోని పోగులు చూసి నోరు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన అతుకు కూడా పూర్తయింది. పడుగు మెల్లగా లాగుతూ, కొత్త రంగు మగ్గం అచ్చు దాటి ఇవతలికి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. వాడు నోటుపుస్తకం తెరిచి (0,0) అంటే ఏమిటో తెలుగులో రాసుకున్నాడు.