కువైట్ క్లాసులో మొదలైన కథ

కువైట్ అనగానే మన కడప, రాయచోటి ఇళ్ళలో గుర్తుకొచ్చేది నెలనెలా అందే డబ్బు, ఏళ్ళ తరబడి కనిపించని తండ్రి ముఖం. అదే కువైట్‌లో 1970ల కాలంలో ఒక ఈజిప్టు యువకుడు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పాఠం చెబుతుంటే ఒక యువతి నేర్చుకోవడానికి వచ్చింది. తర్వాత ఆ ఇద్దరికీ నికాహ్ అయింది. వారి కూతురే రనా అల్ కలియూబీ.

1978లో కైరోలో జన్మించిన రనా, పెళ్ళయిన కొత్తలోనే పీహెచ్‌డీకి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వెళ్ళారు. భర్త కైరోలోనే ఉండాల్సి వచ్చినా వెళ్ళమనే అన్నారు. హిజాబ్‌తో, ఒంటరిగా, గంటల తరబడి ల్యాబులో. ఇంటి మీద బెంగ. ఇంటివారితో మాటలన్నీ కంప్యూటర్‌లోనే. కన్నీళ్ళు వస్తే 'ఏడుస్తున్నాను' అని టైపు చేయాలి. ఎదురుగా ఉన్న యంత్రానికి ఏమీ తెలియదు! ముఖం చూసి మనసు పసిగట్టే కంప్యూటర్ కోసం ఆమె చేస్తున్న పరిశోధనకు ఆ బెంగే బలమైంది. 2009లో అమెరికాలో ప్రొఫెసర్ రోజలిండ్ పికార్డ్‌తో కలిసి 'అఫెక్టివా' సంస్థను స్థాపించారు. డ్రైవరుకు కునుకు వస్తే ముఖాన్ని బట్టి గుర్తించే పనీ ఆ సంస్థ చేసింది. 2021లో స్వీడన్‌కు చెందిన 'స్మార్ట్ ఐ' దానిని కొన్నది.

ఆ దాంపత్యం నిలవలేదు. 'ఉద్యోగం చేస్తే అంతే' అనేవారు మనలో ఉంటారు. ఉద్యోగం లేని ఇళ్ళలో జరిగే తలాఖ్‌లకు కారణం ఏమిటో వారిని ఎవరూ అడగరు.

మన అమ్మాయిలూ బి.టెక్. పాసవుతున్నారు. రిష్తా మాట్లాడే రోజున మాత్రం 'ఉద్యోగం మాన్పిస్తారు కదా' అన్న ప్రశ్న వస్తుంది. మేము చూసిన ఇళ్ళలో జవాబు తండ్రే చెప్పేస్తాడు. అమ్మాయి లోపల చాయ్ కప్పులు సర్దుతూ వింటుంది.