రొయ్యల శుద్ధి కర్మాగారాలలో పరిశుభ్రత: కార్మికుని ఆరోగ్యమే ఆహార భద్రతకు పునాది

రొయ్యల సాగులోను, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులలోను ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. భీమవరం, విశాఖపట్నం, కాకినాడ, ఒంగోలు, నెల్లూరు పరిసరాలలోని శుద్ధి కర్మాగారాలలో వేలాది మంది పనిచేస్తున్నారు. వారిలో అత్యధికులు మహిళలు. తల తీయడం, పొట్టు ఒలవడం, నరం తొలగించడం, పరిమాణాన్ని బట్టి వేరుచేయడం వంటి పనులన్నీ ఎక్కువగా చేతులతోనే జరుగుతాయి. చెరువు నుండి వచ్చిన రొయ్య పెట్టెలోకి చేరేలోగా పలువురి చేతులు మారుతుంది. కనుక ఆ చేతుల శుభ్రతపైనే వినియోగదారుని ఆరోగ్యం, పరిశ్రమ మనుగడ ఆధారపడి ఉన్నాయి.

1997 నేర్పిన పాఠం

పరిశుభ్రతా లోపాల కారణంగా 1997 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ భారతదేశం నుండి మత్స్య ఉత్పత్తుల దిగుమతిని నిషేధించింది. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా కూడా సముద్ర ఉత్పత్తులకు హెచ్.ఎ.సి.సి.పి. విధానాన్ని తప్పనిసరి చేసింది. తయారైన సరుకును చివరలో పరీక్షించడంతో సరిపెట్టుకోక, ప్రమాదం ఏ దశలో ప్రవేశించగలదో ముందే గుర్తించి ఆ దశలోనే అరికట్టడం ఈ విధానం సారాంశం. ఆ తరువాత దేశంలోని ఎగుమతి కర్మాగారాలు తమ భవనాలను, నీటి సరఫరాను, పని పద్ధతులను సమూలంగా మార్చుకోవలసి వచ్చింది.

కార్మికులు పాటించవలసిన నియమాలు

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 కింద 2011లో వెలువడిన లైసెన్సింగు నిబంధనల నాలుగవ షెడ్యూలులో వ్యక్తిగత పరిశుభ్రతకు సంబంధించిన నియమాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

• ఆహారాన్ని తాకే ప్రతి కార్మికునికి ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలి. ఆ రికార్డును తనిఖీకి సిద్ధంగా ఉంచాలి. టైఫాయిడ్ వంటి పేగు సంబంధ వ్యాధులకు టీకాలు వేయించాలి.

• పని ప్రారంభించే ముందు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చిన తరువాత, దగ్గు, తుమ్ము వచ్చినపుడు, ముడి సరుకును లేదా మురికి వస్తువును తాకిన వెంటనే చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

• గోళ్లు కత్తిరించుకోవాలి. జుట్టు పూర్తిగా కప్పే టోపీ, శుభ్రమైన పై దుస్తులు, కర్మాగారానికే ప్రత్యేకించిన పాదరక్షలు ధరించాలి. గాజులు, ఉంగరాలు, గడియారాలు, వదులుగా ఉండే నగలు ధరించరాదు.

• పనిచేసే చోట తినడం, తాంబూలం నమలడం, ఉమ్మివేయడం, పొగ త్రాగడం పూర్తిగా నిషిద్ధం.

చేతి తొడుగులు ఉన్నాయి కదా అని చేతులు కడగడం మానరాదు. మురికి చేతితో వేసుకున్న తొడుగు మురికి చేతితో సమానమే. చిరిగిన తొడుగును వెంటనే మార్చాలి.

పగిలిన చేయి రెండు విధాల ప్రమాదం

రొయ్యలను చల్లగా ఉంచేందుకు వాడే మంచునీటిలో గంటల తరబడి పనిచేసే కార్మికుల వేళ్లు పాసిపోతాయి, చర్మం పగులుతుంది. రొయ్య ముల్లు గుచ్చుకుని గాయాలవుతాయి. చీము పట్టిన గాయంలో స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది ఆహారంలో చేరి వృద్ధి చెందితే విషాన్ని విడుదల చేస్తుంది. ఆ సూక్ష్మజీవి ఉడికిస్తే చనిపోతుంది గాని, అది అంతకుముందే విడుదల చేసిన విషం ఉడికించినా పోదు. గడ్డకట్టించడం వల్ల సూక్ష్మజీవుల పెరుగుదల నిలిచిపోతుందే తప్ప అవన్నీ నశించవు. ఆ విధంగా కార్మికురాలి చేతి గాయం ఆమెకు బాధ, తినేవారికి ముప్పు. గాయాన్ని నీరు చొరని పట్టీతో కప్పి, పైన తొడుగు వేయాలి. ఆహార పదార్థాలలో నీలి రంగు అరుదు కనుక, పట్టీ ఊడి పడినా కనిపించేందుకు నీలి రంగు పట్టీలను వాడతారు.

అనారోగ్యాన్ని దాచే పరిస్థితి రాకూడదు

కామెర్లు, విరేచనాలు, వాంతులు, జ్వరం, జ్వరంతో కూడిన గొంతునొప్పి, చీము పట్టిన పుండ్లు, చెవి, ముక్కు లేదా కంటి నుండి స్రావం కనిపించిన కార్మికుడు వెంటనే పర్యవేక్షకునికి తెలియజేయాలని నిబంధన చెబుతున్నది. అయితే చెప్పిన రోజు కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఈ నియమం కాగితానికే పరిమితమవుతుంది. కిలోల లెక్కన కూలి చెల్లించే చోట చేతులు కడగడానికి పట్టే సమయం కూడా ఆదాయంలో కోతగానే తోస్తుంది. కనుక కడుక్కునే సమయాన్ని పని సమయంలో భాగంగా లెక్కించడం, అస్వస్థులకు వేతన నష్టం లేకుండా చూడడం దాతృత్వం కాదు, ఆహార భద్రతా చర్యలే. ఇ.ఎస్.ఐ. పథకంలో అర్హులైన వారికి అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు నగదు సహాయం లభిస్తుంది. కాంట్రాక్టర్ల ద్వారా వచ్చే కార్మికులకు ఈ సహాయం అందాలంటే వారి పనిదినాలు, చందాలు సక్రమంగా నమోదు కావాలి. తనిఖీ అధికారులు వైద్య ధ్రువపత్రాలతోపాటు హాజరు పట్టీలను కూడా పరిశీలించడం వల్ల వాస్తవ పరిస్థితి తేటతెల్లమవుతుంది.

అమ్మోనియా, రసాయనాల పట్ల జాగ్రత్త

శీతలీకరణకు వాడే అమ్మోనియా ఘాటైన వాయువు. కళ్లను, ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీస్తుంది. లీకైనపుడు గాలి వీచే దిశకు అడ్డంగా, ఆపై గాలికి ఎదురుగా దూరంగా వెళ్లాలి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు ధారాళమైన నీటితో కడిగి వైద్యుని వద్దకు తరలించాలి. అత్యవసర ద్వారాలకు తాళాలు వేయరాదు. తరలింపు కసరత్తు రాత్రి షిఫ్టు కార్మికులకు కూడా తప్పక జరపాలి. రొయ్య నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్ ఉబ్బస రోగులకు ప్రమాదకరం. శుభ్రతకు వాడే బ్లీచింగును ఆమ్లాలతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. డబ్బాలపై పేర్లు కార్మికులకు తెలిసిన భాషలో ఉండాలి.

సందర్శకులకూ ఇవే నియమాలు

తనిఖీకి వచ్చే అధికారులు, వార్తా సేకరణకు వచ్చే పాత్రికేయులు కూడా టోపీ, పై దుస్తులు ధరించి, చేతులు, పాదాలు శుభ్రపరచుకున్న తరువాతే లోపలికి ప్రవేశించాలి. అపరిశుభ్ర పరిస్థితులలో ఆహారాన్ని తయారుచేసిన వారికి చట్టంలోని 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే జరిమానా పడేది లోపం జరిగిన తరువాతే. ప్రతి షిఫ్టుకు ముందు అందుబాటులో ఉన్న సబ్బు, నీరు, మంచి తొడుగులు, అస్వస్థత గురించి నిర్భయంగా చెప్పగల వాతావరణమే లోపాన్ని ముందుగా నివారించగలవు.