చిన్న ఆపరేటింగు సిస్టము విస్తరణము: నెట్‌వర్కు, బహుళ ప్రాసెసర్లు

కంప్యూటరులోని ప్రాసెసరు, మెమొరీ, డిస్కు మున్నగు అంగములను నడిపించి, వానిని వేర్వేరు ప్రోగ్రాములకు వంతులవారీగా పంచు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగు సిస్టమని పేరు. అభ్యాసార్థము వ్రాయబడు చిన్న సిస్టములు తఱచుగా ఒక్క ప్రాసెసరుతోనే పనిచేయును. అవి అన్య యంత్రములతో సంభాషింపవు. అట్టిదానికి నెట్‌వర్కును, బహుళ ప్రాసెసర్లను చేర్చునపుడు కలుగు చిక్కు లెట్టివో, వాని పరిహార మెట్టిదో యిచట విచారింపబడుచున్నది.

కోలారు బంగారు గనుల నెఱిగినవారికి ఈ విషయము సులభగ్రాహ్యము. 2001 ఫిబ్రవరి 28 న మూతపడిన ఆ గనులలో ఛాంపియన్ రీఫు గని సుమారు మూడు కిలోమీటర్ల లోతునకు దిగినది. పైన నుండి పంజరమును నడుపు ఇంజను డ్రైవరునకు క్రింది మనుష్యులు కానరారు. గంట గుర్తులే ఆధారము. ఒక మట్టమున మనుష్యు లెక్కుచుండగా వేఱొక మట్టపు గంటకు పంజరము కదలినచో ప్రాణాపాయము గదా! కావున పంజరము ఒకరి అధీనమున నున్నంతసేపు మఱియొకరి ఆజ్ఞ చెల్లరాదు. బహుళ ప్రాసెసర్ల విషయమునను ఇదియే మూలసూత్రము.

మొదట నెట్‌వర్కు సంగతి. వార్తలు చిన్న చిన్న పొట్లములుగా, ఎప్పుడు వచ్చునో తెలియకుండ వచ్చును. పొట్లము రాగానే కార్డు ప్రాసెసరు చేతిపని నాపించును. ఆ క్షణముననే పని యంతయు ముగింప బూనినచో, వెనుక వచ్చు పొట్లములకు చోటు చాలక అవి నష్టమగును. కావున పొట్లమును వరుసలో నుంచి, తక్కిన పనిని తరువాత చేయవలెను. త్రోవలో తప్పిపోయినవానిని మరల పంపుట, తాఱుమాఱైనవానిని క్రమపఱచుట టీసీపీ నియమముల పని. ఈ భాగమును సిస్టమునకు ఒక ప్రక్కన చేర్చిన చాలును.

బహుళ ప్రాసెసర్ల సంగతి అట్టిది కాదు. అది సిస్టము నందంతటను వ్యాపించును. ఖాళీ మెమొరీ ఖండముల జాబితా యొకటి యున్నదనుకొందము. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణమున జాబితా మొదటి ఖండమును చూచి, రెండును దానినే గైకొనవచ్చును. అపుడు ఒకదాని వ్రాత మఱియొకదానిని చెఱచును. హాని వెంటనే కనబడదు; మఱెచటనో, ఎన్నడో బయటపడును. మరల పరీక్షించిన దొరకదు. ఇందలి ప్రమాద మదియే.

దీనికి మందు తాళము. జాబితాను ముట్టువాడు ముందుగా తాళమును గైకొనవలెను; తక్కినవారు వేచియుండవలెను. అయినను తాళములే క్రొత్త చిక్కులను తెచ్చును. ఒక ప్రాసెసరు మొదటి తాళమును పట్టి రెండవదానికై, మఱియొకటి రెండవదానిని పట్టి మొదటిదానికై వేచినచో రెండును శాశ్వతముగా నిలిచిపోవును. అందుచే అన్ని తాళములను ఒకే క్రమమున గైకొనవలెను. నెట్‌వర్కు వార్త వచ్చి పని నాపినపుడు, ఆ ప్రాసెసరే పట్టియున్న తాళమును మరల కోరినచో అదియు చిక్కుకొనును. కావున అట్టి తాళమును పట్టుటకు ముందు ఆ ప్రాసెసరుపై అంతరాయములను నిలుపవలెను.

లినక్సు చరిత్ర యిందుకు నిదర్శనము. 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఆ చిన్న సిస్టమునకు 1992 లో నెట్‌వర్కు సౌకర్యము చేరెను. 1996 నాటి 2.0 తో బహుళ ప్రాసెసర్ల సౌకర్యము వచ్చెను. అపుడు కెర్నెలు నంతటిని ఒక్క పెద్ద తాళమే కాచెను. అది క్షేమమైనను, ఎన్ని ప్రాసెసర్లున్నను కెర్నెలులో ఒకటియే పనిచేయగలుగుచుండెను. దానిని చిన్న తాళములుగా విడదీసి, కడపటి జాడను తొలగించుటకు 2011 వఱకు కాలము పట్టెను.

కావున చిన్న సిస్టమును విస్తరింప గోరువారు మొదట ఒక్క తాళముతో క్షేమమును సాధించి, పిమ్మట కొలిచి చూచి, అడ్డు పడుచున్న చోటనే దానిని విడదీయుట మేలు. 2006 లో ఎంఐటీలో బోధనార్థము పుట్టిన ఎక్స్‌వీ6, బహుళ ప్రాసెసర్లతో పనిచేయు చిన్న సిస్టము. క్యూఈఎంయూ సహాయముతో సామాన్య కంప్యూటరు మీదనే దానిని నడిపి యీ సూత్రములను స్వయముగా పరీక్షింపవచ్చును. వేగము పిదప చేర్చుకొనవచ్చును. క్షేమమును మాత్రము మొదటనే కట్టవలెను.