కరిగిన కొవ్వు ఎటు పోతుంది?

“ఆ నాలుగు కిలోలూ ఎటు పోయాయనుకుంటున్నావమ్మా?” అని అడిగారు డాక్టరమ్మ.

ఆస్పత్రి మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుని ఉంది మా అక్క కూతురు. అంత నీరసంలోనూ దాని మొహంలో ఒక గర్వం. పన్నెండు రోజుల్లో నాలుగు కిలోలు తగ్గింది మరి! “కరిగి చెమటలో పోయుంటాయండీ” అంది. మా అక్క “వేడి అయి పోయుంటాయి” అంది. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని కదా, కాస్త దర్జాగా “శక్తిగా మారిపోయాయి” అన్నాను.

డాక్టరమ్మ నవ్వి, “ముగ్గురూ తప్పే” అన్నారు.

అసలు జరిగింది చెబుతాను. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అన్నీ నచ్చాయంటూనే, “అమ్మాయి కాస్త ఒళ్ళు తగ్గితే బాగుంటుంది” అని ఓ మాట అని వెళ్ళారు. ఆ ఒక్క మాటతో మా అక్క ఇంట్లో కంచం ఎత్తేశారు. పొద్దున నిమ్మరసం, తేనె కలిపిన నీళ్ళు. మధ్యాహ్నం కీరదోసకాయ ముక్కలు. రాత్రికి గ్లాసుడు మజ్జిగ. పైగా నడుముకి చెమట పట్టించే బెల్టు ఒకటి. పన్నెండో రోజు మా ఇంటికొచ్చిన పిల్ల, “పిన్నీ, కళ్ళు తిరుగుతున్నాయి” అంటూనే వంటింటి గుమ్మంలో కూలబడిపోయింది.

నెయ్యి కరిగితే తూకం తగ్గుతుందా?

‘కొవ్వు కరగడం’ అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. గిన్నెలో పేరుకున్న నెయ్యి పొయ్యి మీద పెడితే కరుగుతుంది. కరిగినా అది నెయ్యే, తూకం రవ్వంతైనా తగ్గదు. అదే నెయ్యి ప్రమిదలో పోసి వత్తి వెలిగించండి. తెల్లారేసరికి ప్రమిద ఖాళీ. ఆ నెయ్యి ఎటు పోయింది? గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారి గాలిలో కలిసిపోయింది. ప్రమిద మీద గ్లాసు బోర్లిస్తే దీపం ఆరిపోయేది అందుకే. గాలి ఆడకపోతే మండదు.

మన ఒంట్లో జరిగేదీ అదే, మంట లేకుండా, నెమ్మదిగా. ఆస్ట్రేలియాలో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఇద్దరు 2014లో ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మన ఊపిరిలోంచే బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. దీనికోసం మనం పీల్చుకోవలసిన ప్రాణవాయువు 29 కిలోలు! వాళ్ళు ఇదే ప్రశ్న 150 మంది డాక్టర్లని, పోషకాహార నిపుణుల్ని, వ్యాయామం నేర్పేవాళ్ళని అడిగితే చాలామంది నాలాగే ‘శక్తి అవుతుంది’ అన్నారట. నా దర్జాకి అదొక్కటే ఊరట!

అలాగని ఆయాసపడుతూ గబగబా ఊపిరి తీస్తే సన్నబడతామనుకునేరు. కళ్ళు తిరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. లోపల కండరాలు పనిచేసి కొవ్వుని ఖర్చు పెడితేనే ఊపిరి దాన్ని బయటికి మోసుకుపోతుంది.

తాళం వేసేది, తీసేది

మనం భోంచేశాక రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఇన్సులిన్ అనే హార్మోన్ వస్తుంది. అది ఇంటి పెద్దావిడ లాంటిది. వచ్చిన సరుకంతా సర్ది, మిగిలింది కొవ్వు కణాల్లో దాచి తాళం వేస్తుంది. తిని చాలాసేపైనప్పుడు, ఒళ్ళు వంచి పని చేసినప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది. గ్లూకగాన్, అడ్రినలిన్ లాంటివి ముందుకొస్తాయి. అప్పుడు తాళం తెరుచుకుంటుంది.

దాచిన కొవ్వు ఒక గ్లిసరాలు, మూడు కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది. కొవ్వు ఆమ్లాలు రక్తంలో పడి గుండెకీ కండరాలకీ చేరతాయి. అక్కడ కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలున్నాయి. చెరకుగడని కణుపు కణుపుకీ విరిచినట్టు, కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కార్బన్ల చొప్పున అక్కడ విరుస్తాయి. వచ్చిన శక్తితో ఎ.టి.పి. అనే పదార్థం తయారవుతుంది. మనం చెయ్యి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది అదే. ఆ ఎ.టి.పి.ని 1929లో అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

మరి ఆ నాలుగు కిలోలు?

ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఒంట్లోని కొవ్వు ఒక కిలో తగ్గాలంటే దాదాపు 7,700 కెలోరీలు ఖర్చవ్వాలి. నాలుగు కిలోలంటే 30,800. పన్నెండు రోజులకి పంచితే రోజుకి 2,500 పైనే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం, పెద్దగా ఒళ్ళు అలవని 55 కిలోల ఆడమనిషికి రోజుకి కావలసిందే 1,660 కెలోరీలు. మా పిల్ల బరువు అంతకన్నా కాస్త ఎక్కువే అనుకున్నా, మంచినీళ్ళు కూడా ముట్టకుండా పస్తున్నా పన్నెండు రోజుల్లో నాలుగు కిలోల కొవ్వు పోవడం కుదరని పని!

అయితే పోయిందేమిటి? చాలావరకు నీళ్ళు. కాలేయంలో ఓ 100 గ్రాములు, కండరాల్లో ఓ 400 గ్రాముల దాకా చక్కెర నిల్వ ఉంటుంది. అది ఒక్కో గ్రాముకీ మూడేసి గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి మానేస్తే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే. దాంతోపాటు నీళ్ళూ పోతాయి. తూకం ముల్లు దిగుతుంది, మనం మురిసిపోతాం. బెల్టు పట్టించిన చెమటా అంతే, రెండు గ్లాసుల మంచినీళ్ళతో తిరిగొచ్చేస్తుంది.

ఆ తర్వాతదే అసలు నష్టం. మెదడు కొవ్వు ఆమ్లాల్ని నేరుగా వాడుకోలేదు. దానికి రోజుకి దాదాపు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసి మెదడుకి పెడుతుంది గానీ, అది కుదురుకోవడానికి రోజులు పడుతుంది. ఈలోగా శరీరం కండని విరిచి గ్లూకోజ్ చేసుకుంటుంది. అంటే కొవ్వుని ఖర్చుపెట్టే పొయ్యిలనే మనం కూల్చుకుంటున్నామన్నమాట. అందుకే పస్తులతో తగ్గిన ఒళ్ళు అన్నం మొదలుపెట్టగానే మళ్ళీ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇన్సులిన్ సూదులు వేసుకునేవాళ్ళు డాక్టరునడగకుండా ఉపవాసాలు చేయకూడదు, సూది మానకూడదు. ఇన్సులిన్ లేకపోతే తాళం పూర్తిగా ఊడిపోయి, కీటోన్లు రక్తంలో పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. వాంతులు, ఆయాసం, ఊపిరిలో ముగ్గిన పళ్ళ వాసన కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

రోజుకో గుప్పెడు

తగ్గాలనుకుంటే తగ్గవచ్చు, తప్పేం లేదు. రోజూ ఖర్చు కన్నా 500 కెలోరీలు తక్కువ పడితే కిలో కొవ్వు పోవడానికి పదిహేను రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. రెండోసారి వడ్డించుకునే అన్నం ఓ గుప్పెడు తగ్గించి, పప్పు, పెరుగు, గుడ్డు మాత్రం తగ్గించకుండా, రోజూ చురుగ్గా నడిస్తే చాలు. వ్యాయామం నడుముకి చేస్తే నడుమే తగ్గుతుందన్న నమ్మకమూ వద్దు. కొవ్వు ఎక్కణ్ణించి తియ్యాలో శరీరం ఇష్టం.

ఇప్పుడు సాయంత్రాలు నేనూ మా పిల్లా కలిసి నడుస్తున్నాం. నడుస్తూ అది గట్టిగా ఊపిరి వదిలి, “పిన్నీ, ఓ చిటికెడు పోయింది” అని నవ్వుతుంది.

మొన్న ఆ పెళ్ళివారు ఫోన్ చేశారు. “అమ్మాయి ఎంతవరకు తగ్గిందండీ?” అని అడిగారట. పన్నెండు రోజులు కన్నకూతురి కంచం ఎత్తేసిన మా అక్క, “మా అమ్మాయి కడుపునిండా అన్నం తింటోందండీ, బాగుంది” అని ఫోన్ పెట్టేసింది.