జలుబు తగ్గాక చెయ్యి లేవకపోతే? ఎంటెరోవైరస్ డి68 కథ

పిల్లాడికి నాలుగు రోజులు జలుబు, కొంచెం జ్వరం. హమ్మయ్య తగ్గింది అనుకున్నాం. ఒకరోజు పొద్దున లేచేసరికి గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు. జలుబుకీ చేతికీ ఏంటి సంబంధం? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

2014 ఆగస్టులో అమెరికాలోని కాన్సస్ సిటీ, చికాగో ఆసుపత్రులకి ఆయాసంతో పిల్లలు వరుసగా వచ్చారు. కారణం ఎంటెరోవైరస్ డి68. 2015 జనవరి మధ్యకల్లా 49 రాష్ట్రాల్లో, వాషింగ్టన్ డీసీలో కలిపి 1,395 కేసులు ల్యాబ్‌లో తేలాయి. అదే సమయంలో 120 మంది పిల్లలకి ఉన్నట్టుండి చేతులో కాళ్ళో బలం పోయింది. దీనికీ డి68కీ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనల్లో గట్టి ఆధారాలు దొరికాయి.

మరి ఇది కొత్త వైరసా అంటే, కాదు. 1962లోనే కాలిఫోర్నియాలో దొరికింది. జలుబు వైరస్‌ల లిస్టులో రైనోవైరస్ 87 అని ఒకటి ఉండేది. జన్యువులు పోల్చి చూస్తే అదీ ఇదీ ఒకటేనని తేలింది. అంటే ఒకే మనిషికి రెండు ఆధార్ కార్డులన్నమాట!

దీని జన్యువు ఆర్‌ఎన్‌ఏ. అందులో అక్షరాలు సుమారు 7,300. కాపీ అయ్యేటప్పుడు తప్పులు పడతాయి, దిద్దేవాళ్ళుండరు. ఆ తప్పులే మనకి ఆధారం. ఒకే స్పెల్లింగ్ తప్పున్న ఫార్వర్డ్ రెండు వాట్సాప్ గ్రూపుల్లో కనిపిస్తే, రెండూ ఒకచోటి నుంచే వచ్చాయని పట్టేస్తాం కదా. శాస్త్రవేత్తలు చేసేదీ దాదాపు అదే. వైరస్ పైతొడుగులో వీపీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాని జన్యువు చదివితే ఇది ఏ రకమో, ఏ శాఖో తెలుస్తుంది. అలా చూస్తేనే 2014లో ఎక్కువగా తిరిగింది బి1 అనీ, 2016లో బి3 అనీ తెలిసింది.

ఇక్కడే ఒక చిక్కుంది. చాలా ఆసుపత్రి టెస్టుల్లో "రైనో/ఎంటెరోవైరస్ పాజిటివ్" అని మాత్రమే వస్తుంది. డి68 అని తేలాలంటే ఇంకో అడుగు వెయ్యాలి. ఇంకో చిక్కు, ఎక్కడ వెతుకుతున్నాం అన్నది. మన దేశంలో 15 ఏళ్ళలోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే, పోలియో ఉందేమోనని మలం శాంపిల్స్ తీస్తారు. పోలియో వైరస్ పేగుల్లో పెరుగుతుంది కాబట్టి దానికి అది సరైన పద్ధతే. డి68 మాత్రం యాసిడ్‌ని తట్టుకోలేదు. అది ముఖ్యంగా ముక్కు, గొంతులో ఉంటుంది. మలం ఒక్కటే చూస్తే దొరక్కుండా పోవచ్చు. ముక్కు నుంచి తీసే శాంపిల్ కూడా కావాలి, అదీ ఆలస్యం కాకుండా.

భయపెట్టడానికి చెప్పట్లేదు. డి68 సోకినా చాలామందికి జలుబుతోనే పోతుంది. కానీ దీనికి ఇంకా టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే. మీ తమ్ముడికో చెల్లికో జలుబు తర్వాత చెయ్యి, కాలు బలం తగ్గితే "నిద్రలో తిమ్మిరెక్కింది, అదే పోతుందిలే" అని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ముందు జలుబు చేసిందనే మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఎక్కడ వెతకాలో చెప్పేది ఆ ఒక్క మాటే కావచ్చు.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.